గంటలో హైదరాబాద్ అనుకోకు

చిరంజీవి శ్రావణిని పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

పదకొండున్నరకి గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ అయితే తొమ్మిదిన్నర విమానం చాలు, గంట ప్రయాణమే కదా అన్నావట. మీ అమ్మ చెప్పింది. టికెట్ తీసే ముందు ఇది చదువు.

విశాఖ నుంచి శంషాబాద్‌కి సుమారు 510 కిలోమీటర్లని నెట్‌లో కనిపించేది రెండు చోట్ల మధ్య గీసిన దగ్గరి గీత. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. గాలిని బట్టి రన్‌వే ఏ కొస నుంచి లేవాలో తేలుతుంది, దిగేచోట రద్దీగా ఉంటే కాసేపు చుట్టూ తిరగాలి. ఏ విమానమో కూడా చూసుకో. ఎయిర్‌బస్, బోయింగ్ జెట్‌లు పైకెళ్ళాక గంటకి 800 కిలోమీటర్లు దాటి పోతాయి. రెక్కలకి ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ వేగం 500 దగ్గరే. అందుకే అదే దూరానికి ఒకదానికి గంటంబావు, ఇంకోదానికి గంటన్నర పడుతుంది. టికెట్ మీది టైం గాల్లోకి లేచేది కాదు, నిలబెట్టిన చోటు నుంచి కదిలేది.

అసలు సమయమంతా నేల మీదే పోతుంది. ఏడింటి విమానమే తీసుకున్నావనుకో. లగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. గాజువాక నుంచి ఎయిర్‌పోర్టు దగ్గరే అయినా ఐదింటికి బయల్దేరాలి. ఎనిమిదీ ఇరవైకి దిగి, బయటపడేసరికి పావుతక్కువ తొమ్మిది. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి సుమారు 30 కిలోమీటర్లు, అదీ ఆఫీసుల వేళ. పది అవుతుంది. ఇల్లు వదిలి ఐదు గంటలు! తొమ్మిదిన్నర విమానమైతే ఇంటర్వ్యూ టైంకి నువ్వింకా దారిలోనే ఉంటావు.

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కాల్సి వస్తే ఈ లెక్క కూడా చాలదు. అది విశాఖకి దాదాపు 45 కిలోమీటర్లు, మీ గాజువాక వాళ్ళయితే ఊరంతా దాటాలి. టికెట్‌లో ఎయిర్‌పోర్టు పేరు చూడు.

రేపు విదేశం వెళ్ళినా పనికొచ్చే మాట ఒకటి: ఏ ఊరి టైం ఆ ఊరిదే రాస్తారు. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11కి ఎక్కి 5:30కి దిగితే ఆరున్నర గంటలు కాదు, నాలుగే.

నన్నడిగితే ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ రైలెక్కు. తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటావు, పొగమంచు టెన్షన్ లేదు, స్నానం చేసి తీరిగ్గా వెళ్ళొచ్చు. విమానం సరదా తిరుగు ప్రయాణంలో తీర్చుకో, అప్పుడు లేటయినా కొంప మునగదు. గోదావరి దువ్వాడలో ఆగుతుంది కాబట్టి వైజాగ్ స్టేషన్ దాకా రానక్కర్లేదు. బెర్తులు త్వరగా అయిపోతాయి, ఈ రాత్రికే చూడు.