అమ్మ బీరువా చివరికి తెరవండి

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదిన్నర. డెబ్భై నాలుగేళ్ల నాన్నగారు రాజమండ్రిలో ఒక్కరే ఉంటున్నారు. మూడు నెలల్లో ఆ ఇల్లు ఖాళీ చేసి, ఆయన్ని హైదరాబాద్‌లో మా పక్కనే ఉన్న చిన్న ఫ్లాట్‌లోకి తీసుకురావాలి. అటక నిండా ఇత్తడి, స్టీలు సామాను. రెండు బీరువాల నిండా చీరలు. ఏది ముట్టుకున్నా నాన్న ‘అది మీ అమ్మది’ అని కోప్పడతారు. నేనూ చీర తీసి, ఏడ్చి, మళ్లీ అక్కడే పెట్టేస్తున్నాను. అమెరికాలో ఉన్న అన్నయ్య ‘ఏదీ తీసేయొద్దు’ అంటాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు చీరల బీరువాతో మొదలుపెట్టారమ్మా. అందుకే చెయ్యి ఆడలేదు. ఇల్లంతటిలో అమ్మ ఎక్కువగా ఉన్న చోటు అదే. దానికి తాళం వేసి, చివరి నెల దాకా తెరవకండి.

ముందు ఎవరికీ గుర్తులు లేని వాటితో మొదలుపెట్టండి: గడువు దాటిన మందులు, పాడైన మిక్సీ, మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు, పాత పేపర్లు. పొద్దున టిఫిన్ అయ్యాక ముప్పావు గంట, రోజుకి ఒక్క షెల్ఫు మాత్రమే. అన్నీ ఒకేసారి కిందికి దించితే గది నిండిపోతుంది. ఇల్లు పీకేస్తున్నట్టుంటుంది నాన్నకి. ‘ఎక్కడివక్కడ పెట్టేయ్’ అంటారు, ఆ రోజుతో పని ఆగిపోతుంది.

ఏది బయటికి వెళ్లాలన్నా ముందు వెతకండి. మన ఇళ్లలో ఆడవాళ్లు డబ్బూ బంగారమూ దాచే చోట్లు వేరు: చీర మడతలు, బీరువా అరలో పరిచిన కాగితం కింద, బియ్యం డబ్బా అడుగు, దేవుడి గూడు. ఇంటి లింకు డాక్యుమెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, ఎల్‌ఐసీ బాండ్లు, లాకరు తాళంచెవి కూడా అలాంటి చోట్లే దొరుకుతుంటాయి. కాగితం ఏదైనా సరే ఒక సంచిలో వేసుకుంటూ పోండి. చదవడం, చించడం ఆఖరున.

ఇక నాన్నగారు. ‘అమ్మ సామాను తీసేద్దామా’ అని అడిగితే ఆయన దగ్గర ఒక్కటే జవాబుంటుంది. ఒక్క వస్తువు చేతికిచ్చి ‘ఈ గుండిగ పిన్నికిద్దామా, అన్నయ్యకి ఉంచుదామా?’ అని అడగండి. దాని కథ చెప్పడం మొదలుపెడితే ఆపకండి, ఫోన్‌లో రికార్డు చేయండి. చాలామంది పెద్దవాళ్లకి గిన్నె పోతుందన్న బెంగ కాదు, దానితోపాటు ఆ మాట చెప్పుకోవడానికి ఆధారం పోతుందన్న బెంగ. వద్దన్న వస్తువు గురించి వాదించకండి. ‘తర్వాత చూద్దాం’ అంటే అట్టపెట్టెలో పెట్టి, పైన తేదీ రాయండి. అలాంటివి మూడు పెట్టెలు దాటనివ్వద్దు. ఆయనకి తెలియకుండా మాత్రం ఒక్క గరిటె కూడా బయటికి పంపకండి. ఒకటి కనబడలేదంటే, ఆ రోజునుంచి అన్నీ లెక్కపెట్టుకుంటారు.

స్టీలు సామాను తిప్పి చూడండి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చినవాళ్లు తమ పేరు, తేదీ చెక్కించి ఉంటారు. ఆ అక్షరాలను ఫోటో తీసుకుని, గిన్నెను వాళ్ల పిల్లలకే ఇవ్వండి. మేనత్త పేరున్న పళ్లెం మేనత్త కోడలింటికి వెళ్తుందంటే కాదనే నాన్నలు తక్కువ. ఇత్తడి బిందెలూ గంగాళాలూ అమ్మాలనుకుంటే ముందు ఇంట్లోనే తూచి, రెండు దుకాణాల్లో రేటు అడగండి. మీరు వాడుకునే గిన్నె ఒకటి ఉంచుకుని, కళాయి పెట్టించండి.

చీరల దగ్గరికి వచ్చేసరికి మీ చెయ్యి కొంత అలవాటు పడి ఉంటుంది. మీరు నిజంగా కట్టుకునేవి విడిగా తీయండి. మిగతా పట్టుచీరలు మీ ఇంటి ఆనవాయితీని బట్టి పిన్నులకో, ముత్తైదువలకో పసుపు కుంకుమతో ఇవ్వండి. పాత పట్టు కొనేవాళ్లు చూడగానే ధర చెప్పేస్తారు. జరీలో వెండి ఉందో లేదో పరీక్ష చేయించకుండా అమ్మొద్దు. ఉంచుకునేవాటిని ప్లాస్టిక్ కవర్లలో కాకుండా తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. లేకపోతే మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. అమ్మ రోజూ కట్టిన నూలు చీరలు నాలుగైదు కలిపి నాన్నకి బొంత కుట్టించండి. చీర పట్టుకుని ఏడుపొచ్చిన రోజు అక్కడితో ఆపేసి, దాన్ని ‘తర్వాత’ పెట్టెలో వేయండి. ఆ ఏడుపూ ఈ పనిలో భాగమే.

ఒక విషయం మీరే గమనించాలి. అమ్మ ఉన్నప్పుడే నాన్న మంచం మీదా బాత్రూమ్‌లోనూ సామాను పేర్చి, ఖాళీ కవరు పారేయాలన్నా తల్లడిల్లేవారా? అయితే ఇది ఒక్క దుఃఖం వల్ల వచ్చింది కాకపోవచ్చు. పోగేయడాన్ని ఒక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ గుర్తించారు. మీరు ఇల్లు సర్దినంత మాత్రాన అది తగ్గదు, మానసిక వైద్యుల్ని కలవాలి. ఇన్ని నెలలైనా సరిగా తినకపోవడం, గడప దాటకపోవడం, ‘ఇంకా ఎందుకు బతకడం’ అనడం ఉంటే మాత్రం ఫ్లాట్ మారేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అన్నయ్యకి ఫోటోలు పంపి, ఒక తేదీ చెప్పండి. ఏది కావాలో ఆలోగా రాయాలి, ఎవరు ఎప్పుడు తీసుకెళ్తారో కూడా రాయాలి. విమానంలో ఒక పెట్టెకి సాధారణంగా 23 కిలోలే. గంగాళం కావాలంటే పంపే ఖర్చు తనదేనని ముందే తేల్చుకోండి. ఆ తేదీ దాటాక నిర్ణయం మీదీ నాన్నదీ అని ఇప్పుడే, నాన్న ఎదురుగానే, ఫోన్‌లో చెప్పండి.