చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్‌పై మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?

4 జీబీ మెమరీ, తక్కువ విద్యుత్తుతో పనిచేసే ప్రాసెసర్ ఉన్న చేతి కంప్యూటర్‌లో నాలుగైదు ట్రాకులు (గొంతు, వాద్యాల విడివిడి పొరలు) చేరగానే శబ్దం చిటపటలాడుతోందనీ, ఈ యంత్రంతో పాట పూర్తి చేయడం అసలు సాధ్యమేనా అనీ మీరు అడిగారు. సాధ్యమే. అయిదున్నర అంగుళాల తెర, నాలుగు కోర్లు, అంతే మెమరీ ఉన్న అటువంటి యంత్రంపైనే నేను రెండేళ్లుగా రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌తో పాటలు చేస్తున్నాను. అయితే పెద్ద కంప్యూటర్‌లో అలవాటైన పద్ధతిని ఇక్కడ యథాతథంగా కొనసాగించలేము.

ముందుగా ఆ చిటపటలకు కారణం తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా సిద్ధం చేసి సౌండ్ కార్డుకు అందిస్తూ ఉంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు కొలతల) చొప్పున, బఫర్‌ను, అంటే ఒక్కో ముక్కలోని శాంపిళ్ల సంఖ్యను, 256గా పెట్టుకున్నప్పుడు ఒక్కో ముక్కకు దక్కే గడువు సుమారు 5.3 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో అన్ని ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే వాద్యాలు, ఎఫెక్టుల) లెక్కలూ పూర్తి కావాలి. ఒక్క ముక్క ఆలస్యమైనా చెవికి చిట్లినట్టు వినిపిస్తుంది. ప్రాసెసర్ వాడకం సగటున 40 శాతమే కనిపిస్తున్నా శబ్దం పగలడానికి కారణం ఇదే. పైగా ఒకే ట్రాక్‌పై వరుసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని ఫలితం కోసం మరొకటి వేచి ఉండాలి కనుక, ఆ వరుస పనిని నాలుగు కోర్లకు పంచడం కుదరదు. నా విషయంలో దోషం ట్రాకుల సంఖ్యలో లేదు. మొదటి రోజు నుంచే, అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్‌పై ఓవర్‌శాంప్లింగ్ చేసే లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ అనే రెండు బరువైన ప్లగిన్లను పెట్టుకొని పనిచేయడమే నా పొరపాటు. వాటిని తీసివేసిన రోజున అదే పాట ప్రశాంతంగా నడిచింది.

రికార్డింగ్‌కూ మిక్సింగ్‌కూ వేర్వేరు బఫర్లు వాడండి. పాడేటప్పుడు 128 లేదా 256 పెట్టి, గొంతును ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని (మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరంలోని) డైరెక్ట్ మానిటరింగ్ ద్వారా, అంటే సాఫ్ట్‌వేర్ గుండా పోకుండా నేరుగా, వినాలి. మిక్సింగ్‌కు బఫర్‌ను 1024కు పెంచితే గడువు 21 మిల్లీసెకన్లు దాటుతుంది. రీపర్‌లో మరొక వెసులుబాటు ఉంది: రికార్డింగ్‌కు సిద్ధం చేయని ట్రాకుల పనిని అది కొంత ముందుగానే చేసి ఉంచుకుంటుంది. పాడడం ముగిసిన తర్వాత కూడా ట్రాకులను రికార్డింగ్ స్థితిలోనే వదిలేస్తే ఆ లాభం పోతుంది. ఈ చిన్న విషయాన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

అన్నిటికంటే నన్ను ఆదుకున్నది ఫ్రీజ్. సింథ్‌తో (శబ్దాన్ని పుట్టించే వాద్య ప్లగిన్‌తో) ఒక భాగం వాయించి, అది నచ్చగానే ఆ ట్రాక్‌ను ఫ్రీజ్ చేస్తే అది మామూలు ఆడియోగా మారుతుంది, ప్లగిన్ మెమరీలోంచి దిగిపోతుంది. 24 బిట్ల స్టీరియో ఆడియో 48,000 శాంపిళ్ల వద్ద సెకనుకు 288 కిలోబైట్లే. అటువంటి ట్రాకులు ఇరవై కలిసినా సెకనుకు 6 మెగాబైట్ల లోపే, కనుక నెమ్మదైన స్టోరేజీ కూడా వాటిని సులువుగా అందించగలదు. అవసరమైతే అన్‌ఫ్రీజ్ చేసి స్వరాలను మార్చుకోవచ్చు. కానీ నేను అన్‌ఫ్రీజ్ చేసిన సందర్భాలు చాలా తక్కువ. నిర్ణయం అప్పటికప్పుడే తీసుకోవడం వల్ల పాట త్వరగా ముగింపుకు వచ్చింది, అది నాకు నిజంగా సంతోషం కలిగించిన మార్పు. ఇక చివరి రెండర్‌కు, అంటే పాటను ఆడియో ఫైలుగా తయారుచేయడానికి, గడువు లేదు. బరువైన మాస్టరింగ్ ప్లగిన్లను అప్పుడే పెట్టి, ముందు ముప్పై సెకన్ల భాగాన్ని రెండర్ చేసి విని, సరిచూసుకొని, తర్వాత పాటంతా చేయించండి. ఆలస్యమవుతుందే తప్ప శబ్దం చెడదు.

మొదటి పది నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాతే చిటపటలు మొదలవుతుంటే, వేడిమి వల్ల ప్రాసెసర్ వేగం తగ్గుతోందని అనుమానించవచ్చు. గాలి వెళ్లే దారికి అడ్డు లేకుండా చూడండి, ఛార్జర్ తగిలించి పనిచేయండి, వైఫై ఆపివేయండి. వైఫై డ్రైవర్ ఒక్కోసారి ఆడియోకు దక్కవలసిన క్షణాలను లాక్కుంటుంది.

పెద్ద వాద్యబృందపు శాంపిల్ లైబ్రరీలను (వాద్యాల రికార్డింగుల సేకరణలను) మాత్రం 4 జీబీ మెమరీ మోయలేదు, ఆ ప్రయత్నం వద్దు. కొత్త బాణీకి తొలి రూపం ఇవ్వడానికి నేను తరచు సన్‌వాక్స్ వాడతాను. బలహీనమైన యంత్రాలపైనా తేలికగా నడిచే ట్రాకర్ (స్వరాలను నిలువు వరుసల్లో రాసుకునే సాఫ్ట్‌వేర్) అది, చిన్న తెరకు బాగా నప్పుతుంది.

మీరు ముందుగా మాస్టర్ ట్రాక్‌పై ఉన్న ప్లగిన్లన్నీ తీసివేసి, బఫర్‌ను 1024 చేసి అదే పాటను వినండి. అప్పటికీ శబ్దం పగులుతుంటే ఏ ట్రాక్‌పై ఏ ప్లగిన్లు ఉన్నాయో రాయండి, వాటిలో దేన్ని ముందు ఫ్రీజ్ చేయాలో చెప్పగలను.