బడి టైంలో బైబిల్ క్లాసు, సంతకం పెట్టాలా వద్దా?

ప్రశ్న: మా అన్నయ్య వాళ్లు అమెరికాలో, ఒహాయోలో ఉంటారు. బాబు చదివేది సర్కారు బడిలోనే. వారానికో రోజు బడి టైంలోనే పిల్లల్ని బయటికి తీసుకెళ్లి బైబిల్ క్లాసు చెప్పి మళ్లీ బడిలో దింపుతారట, ఇష్టమైతే సంతకం పెట్టమని కాగితం వచ్చింది. పంపకపోతే వీడొక్కడే మిగిలిపోతాడేమోనని వదినకు ఒకటే టెన్షన్. సర్కారు బడిలో ఇదెలా కుదురుతుంది? ఇక్కడ మా పాప సర్కారు బడిలో ఆరో తరగతి. శుక్రవారం మధ్యాహ్నం గీత క్లాసుకు పంపమని హెడ్మాస్టర్‌ని అడగొచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సంతకం పెట్టకపోతే బాబును ఎవరూ తీసుకెళ్లరు, ముందు ఆ మాట మీ వదినగారికి చెప్పండి. అక్కడ దీన్ని రిలీజ్డ్ టైమ్ అంటారు. 1914లో ఇండియానా రాష్ట్రంలోని గేరీలో మొదలైంది. బడి గదుల్లోనే మతం క్లాసులు పెడితే కుదరదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 1952లో జోరాక్ కేసు వచ్చేసరికి మాత్రం, క్లాసు బడి బయట జరుగుతోంది, సర్కారు పైసలు ఖర్చు కావట్లేదు, తల్లిదండ్రులు రాసిస్తేనే పంపుతున్నారు కాబట్టి తప్పులేదని ఆరుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో రాబర్ట్ జాక్సన్ అనే జడ్జి, చర్చికి వెళ్లని పిల్లలకు బడి తాత్కాలిక జైలు అవుతోందని రాశారు. నన్నడిగితే అసలు సంగతి అదే. వెళ్లేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు, సగం ఖాళీ అయిన క్లాసులో కూర్చున్న పిల్లాడు ఆ గంటంతా ఏం చేస్తున్నాడో ఎవరూ అడగరు.

కాబట్టి వదినగారిని ఆ ప్రశ్నే స్కూలుకు మెయిల్లో అడగమనండి. ఒహాయో చట్టం ప్రకారం ముఖ్యమైన సబ్జెక్టుల క్లాసు మానిపించి పిల్లల్ని పంపకూడదు, అంటే పోయేది లైబ్రరీయో డ్రాయింగో ఆటలో అవుతుంది. మిగిలిన పిల్లలకు ఆ పీరియడ్ టీచరుతో సరిగ్గా జరగాలి, ఊరికే కూర్చోబెట్టడం కాదు. వెళ్లొచ్చిన పిల్లలు వీణ్ణి ఏమైనా అంటే క్లాస్ టీచరుకు వెంటనే చెప్పాలి, మొహమాటం వద్దు.

ఇక మీ పాప విషయం. మన రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. గుర్తింపు ఉన్న, ఎయిడెడ్ బడుల్లో ఉన్నా మన ఒప్పుకోలు లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. వారం వారం బయటికి పంపమని అడిగే హక్కు మాత్రం ఆ అధికరణ ఇవ్వలేదు. పైగా విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పని దినాలు, 1000 గంటల బోధన ఉండాలంటోంది. ఇప్పటికే సెలవులకూ బందులకూ ఎన్నో పీరియడ్లు పోతున్నాయి, ఇంకా మనమే తగ్గించుకోవడం నాకు అస్సలు నచ్చదు. మన దగ్గర ముస్లిం పిల్లలు చాలామంది పొద్దున్నే మసీదులో అరబ్బీ చదువుకుని, ఇంటికొచ్చి బ్యాగు తగిలించుకుని బడికి పోతారు. చర్చికెళ్లే పిల్లలకు సండే స్కూలు ఉంది. మీ పాపకు కూడా ఆదివారం పొద్దున గీత చెప్పేవాళ్లు మీ చుట్టుపక్కల ఉన్నారేమో కనుక్కోండి, ముందు తనకు నేర్చుకోవాలని ఉందో లేదో కూడా అడగండి. హెడ్మాస్టర్ దగ్గరికి మాత్రం ఈ పని మీద వెళ్లొద్దు.