హెడ్‌మాస్టర్ సర్టిఫికెట్ కాదు, హాజరు పట్టీ కావాలి

ప్రశ్న: కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో 9, 10 తరగతులకు వ్యవసాయం ఒకేషనల్ ట్రైనర్‌గా ఏజెన్సీ ద్వారా చేరాను. 2023 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా ఆరు నెలల జీతం ఎగ్గొట్టి, జూన్‌లో రావద్దన్నారు. పిల్లలతో వేయించిన వంగ, బెండ మళ్లు ఎండిపోయాయి. నేను బడి మనిషినేనని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానని హెడ్‌మాస్టర్‌గారు అంటున్నారు. హైకోర్టులో పర్మినెంట్ చేయించుకోవచ్చా? – ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో మళ్ల గురించి పేజీన్నర, జీతం గురించి రెండు లైన్లు. కేసు తేలేది ఆ రెండు లైన్లతోనే. నియామక పత్రంపై సంతకం ఏజెన్సీది, జీతం వేసిన ఖాతా ఏజెన్సీది, పీఎఫ్ పాస్‌బుక్కులో పేరూ దానిదే. మీ యజమాని ఏజెన్సీ. సరైన నియామక పద్ధతిలో రాని కాంట్రాక్టు ఉద్యోగికే పర్మినెంట్ హక్కు లేదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఇంకా దూరంలో ఉన్నారు. ఆ ఆశ పక్కన పెట్టండి.

ఆ సర్టిఫికెట్ మాత్రం ముట్టుకోవద్దు. పాత తేదీ వేస్తే అవుట్‌వర్డ్ రిజిస్టరులో (బడి నుంచి వెళ్లే కాగితాలను వరుస నంబర్లతో రాసే పుస్తకం) నంబరు ఎక్కడ ఇరికిస్తారు? తప్పుడు సాక్ష్యం సృష్టించి కోర్టులో పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. ఆయన ఇవ్వగలిగిందల్లా, ఈనాటి తేదీతో, హాజరు పట్టీ చూసి ఏ నెల ఎన్ని రోజులు పనిచేశారో రాసిన కాగితం. ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద పట్టీ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

జీతం బాకీకి గడువు మూడేళ్లు, ఏ నెలది ఆ నెలకే. ఒప్పందం ప్రకారం జీతం మరుసటి నెల 5న ఇవ్వాలి. అంటే నవంబరు జీతంపై దావా 2026 డిసెంబరు 5 లోపు వేయాలి. 'వచ్చే నెల ఇస్తాం' అని ఏజెన్సీ పంపిన వాట్సాప్ మెసేజీలను నమ్ముకుని ఇన్నాళ్లు కూర్చోవడం మీ అజాగ్రత్తే. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఇస్తేనే లెక్క కొత్తగా మొదలవుతుంది. అయినా ఆ మెసేజీలు చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ మెసేజీలు ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే కాగితం, జతచేయాలి.

ఈ వారమే ఏజెన్సీకి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో, లాయర్ నోటీసు పంపి, నకలు సమగ్ర శిక్ష (ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం) జిల్లా కార్యాలయానికి ఇవ్వండి. ఆ కార్యాలయం నుంచి ఏజెన్సీకి ఇంకా బిల్లు రావలసి ఉంటే ఆ నకలుకే ఏజెన్సీ వాళ్లు కదులుతారు. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. అక్కడ రాజీకి అర్జీ పెట్టినా గడువు ఆగదు. పదిహేను రోజుల్లో తేలకపోతే సివిల్ కోర్టులో దావా దాఖలు చేయించండి.