పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: బడి లేని రోజున ఇంట్లో చదువు

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. సెలవుల్లో చదువు మరిచిపోకుండా ఉండాలని ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు బడిలో లాగానే పీరియడ్లు వేసి, టైమ్‌టేబుల్ గోడకు అంటించాను. రెండో రోజుకే అది మూలపడింది. బాబు విసుక్కుంటున్నాడు, పాప ఏడుస్తోంది. ఒక రోజంతా చదువుతోనూ ఆటతోనూ సాఫీగా గడవాలంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలి? – ఒక తల్లి

సమాధానం: టైమ్‌టేబుల్ మూలపడినందుకు పిల్లలను తప్పుపట్టనక్కరలేదు. బడిలో ఒక పీరియడ్ అంటే హాజరు పిలవడం, పుస్తకాలు తీయడం, పక్కవాడు బోర్డు దగ్గర లెక్క చేస్తుంటే చూడడం వంటివన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, ఒక్కో బిడ్డ నిజంగా బుర్రకు పని చెప్పే సమయం అందులో కొంతే. ఇంట్లో అమ్మ ఎదురుగా కూర్చుంటే ఆ వెసులుబాటు ఉండదు. అదే నలభై నిమిషాలు ఆరేళ్ల పిల్లకు మోయలేని బరువవుతాయి. పాపకు ఒక్కో విడత పదిహేను నిమిషాలు, బాబుకు ఇరవై అయిదు నిమిషాలు మించకుండా చూసుకోండి. కదలకుండా కూర్చుని చేసే చదువు రోజు మొత్తం మీద పాపకు గంటలోపు, బాబుకు గంటన్నర చాలునని మా అభిప్రాయం. మిగతా చదువంతా చేతులతోనూ మాటలతోనూ సాగనివ్వండి.

ఉదయం పూట మనసు తేటగా ఉంటుంది కనుక కష్టమైన పనిని ముందు పెట్టుకోవాలి. ఒకటో తరగతి బిడ్డకు అది చదవడమే. పాప కూడబలుక్కుంటూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే వెంటనే అందించకుండా, మనసులో అయిదు లెక్కపెట్టేంత సేపు ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పేసి, వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదివించండి. ఈ వయసులో కూడబలుక్కునే శ్రమలో పడి, వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు మరిచిపోతారు. రెండోసారి చదివినప్పుడే అర్థం అందుతుంది. ద, ధ, థ వంటి దగ్గరి పోలికలున్న అక్షరాల వద్ద తడబడుతుంటే, వాటన్నిటినీ ఒకే పూట దిద్దించవద్దు. ఒకటి స్థిరపడ్డాకే రెండోదాని జోలికి వెళ్లాలి. ఆ పదిహేను నిమిషాలు బాబు తన పుస్తకంలో ఒక పేజీ మనసులో చదువుకుని, పుస్తకం మూసి, అందులో ఏముందో మీకు చెప్పడానికి సిద్ధమవ్వాలి. ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదవడం కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని చెప్పినప్పుడే విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు పదేపదే చూపాయి.

ఆ తర్వాత ఇద్దరినీ ఆరుబయటకు పంపండి. ఎండ బాగా తగిలే చోట పెన్సిలంత పుల్లను నిటారుగా గుచ్చి, గంటకోసారి దాని నీడను కొలిచే బాధ్యత వాళ్లకే అప్పగించండి. బాబు స్కేలుతో కొలిచి, గడియారంలో సమయం చూసి, రెండింటినీ పట్టికలో రాసుకుంటాడు. పాపకు స్కేలు చదవడం ఇంకా రాదు కనుక నీడంత పొడవున దారం కత్తిరించి, ఆ దారాలను పాత క్యాలెండర్ కాగితం వెనుక వరుసగా నిలువుగా అంటిస్తుంది. మధ్యాహ్నం దాకా దారాలు పొట్టివవుతూ వచ్చి, తర్వాత మళ్లీ పొడవవుతాయి. సాయంత్రానికి పాప తనకు తెలియకుండానే ఒక గ్రాఫ్ తయారు చేసి ఉంటుంది. మధ్యాహ్నమే నీడ ఎందుకు చిన్నదైందని అడగండి. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా రావడానికీ దీనికీ ఉన్న సంబంధాన్ని బాబు చెప్పలేకపోతే, చీకటి గదిలో టార్చిలైటును పుల్లకు ఒకసారి పక్క నుంచి, ఒకసారి పై నుంచి పట్టి చూపించండి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. మబ్బు పట్టిన రోజున ఈ పని కుదరదు. అప్పుడు మంచం పొడవును జానలతో కొలిపించండి. పాపకు వచ్చిన లెక్క, అన్నకు వచ్చిన లెక్క, మీకు వచ్చిన లెక్క మూడూ వేరుగా ఉంటాయి. మంచం ఒకటే అయినప్పుడు లెక్కలు ఎందుకు మారాయన్న తగువు మొదలయ్యాక స్కేలు చేతికిస్తే, సెంటీమీటరు ఎందుకు అవసరమైందో వేరే పాఠం చెప్పనక్కరలేదు.

పాప లెక్కలకు పది గులకరాళ్లు చాలు. ఆమె చూస్తుండగా పది లెక్కపెట్టి, కొన్నింటిని గుప్పిట్లో దాచి, మిగిలినవి చూపించి, గుప్పిట్లో ఎన్ని ఉన్నాయో అడగండి. మొదట్లో వేళ్లు మడుచుకుని లెక్కపెడుతుంది, మడవనివ్వండి. పదిని రెండు భాగాలుగా విడదీయడం నోటికి వచ్చిన బిడ్డకు ముందుముందు ఎనిమిదీ అయిదూ కూడాలంటే, అయిదులోంచి రెండు తీసి ఎనిమిదిని పది చేసుకోవడం తేలికవుతుంది.

మధ్యాహ్నం ముందు నీళ్లతో ఒక పని పెట్టవచ్చు. ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, రెండూ సమానమేనని పాప చేతే చెప్పించాక, ఒక గ్లాసులోని నీళ్లను సన్నగా పొడవుగా ఉన్న మరో పాత్రలోకి ఒంపి, ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉన్నాయని అడగండి. ఆరేళ్ల పిల్లలు చాలామంది పొడవాటి పాత్ర వైపే చెయ్యి చూపుతారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896–1980) దీనిని పరిశీలించి, పాత్ర మారినా పరిమాణం మారదన్న ఎరుక దాదాపు ఏడేళ్ల వయసులో కుదురుకుంటుందని చెప్పాడు. కాబట్టి పాప తప్పు చెబితే దిద్దవద్దు, అన్నను నవ్వనివ్వనూ వద్దు. నీళ్లను మళ్లీ మొదటి గ్లాసులోకి పోయించి, ఏమైందో చెప్పమనండి. సమానమే అనడానికి కారణం వివరించే పని బాబుకు ఇవ్వండి. చెల్లెలికి అర్థమయ్యేలా చెప్పడానికి వాడు పడే తంటా వాడికి మంచి పాఠమే.

మధ్యాహ్నం వేళ ఇద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని, వాళ్లు తమంతట చదవగలిగిన దానికంటే కాస్త బరువైన కథను మీరు చదివి వినిపించండి. పెద్ద మాటలు చెవిన పడేది అప్పుడే. నిన్నటి కథే మళ్లీ కావాలంటే అదే చదవండి. సాయంత్రం రాత పని ఒకటి చాలు: పాప తన దారాల కాగితం కింద ఒక వాక్యం, బాబు నీడ గురించి అయిదారు వాక్యాలు రాస్తారు. అందులో పది తప్పులున్నా రెండే దిద్దండి. ఎర్ర గీతలతో నిండిన కాగితాన్ని చూసిన పిల్లవాడు మర్నాడు తనకు తప్పుల్లేకుండా వచ్చిన చిన్న మాటలతోనే సరిపెట్టుకుంటాడు.

పొద్దు వాలాక ఇక చదువు మాట ఎత్తవద్దు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఈ రెండింటికీ ముందు చోటు కేటాయించి, మిగిలిన సమయంలోనే చదువును సర్దుకోవాలి.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తాడు. నూట అయిదు రాయమంటే ఒక్కోసారి 1005 వేస్తాడు. రోజూ ఇరవై లెక్కలు చేయిస్తున్నాను, మార్పు లేదు. అజాగ్రత్తేనంటారా? – ఒక తండ్రి

సమాధానం: అజాగ్రత్త కాదు, బాబు ఒక పద్ధతి ప్రకారమే తప్పు చేస్తున్నాడు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసి అయిదు వేశాడు. పదుల స్థానంలో అయిదులోంచి రెండు పోగా మూడు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలన్న సొంత సూత్రం ఒకటి వాడి మనసులో ఉంది. రోజుకు ఇరవై లెక్కలు చేయిస్తే ఆ సూత్రమే ఇరవైసార్లు గట్టిపడుతుంది.

కొన్నాళ్లు కాగితం పక్కన పెట్టండి. పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించి, అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, ఇరవై ఏడు ఇవ్వమనండి. రెండు కట్టలు ఇచ్చేస్తాడు. విడివి రెండే ఉన్నాయి, ఏడు కావాలి. అక్కడ ఆగి మీ ముఖం చూస్తాడు. మీరు మాట్లాడవద్దు. కాసేపటికి తానే ఒక కట్ట విప్పుతాడు. చేతిలో పన్నెండు విడి పుల్లలవుతాయి, ఏడు ఇస్తే అయిదు మిగులుతాయి, కట్టలు రెండు మిగులుతాయి. బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అనేది ఈ కట్ట విప్పడమేనని అప్పుడు చెప్పండి. ఇలా కొన్ని లెక్కలు చేశాక, ప్రతి కదలికనూ పక్కనే అంకెల్లో రాయించండి. కట్టలు లేకుండా రాయడం ఆ తర్వాతి మెట్టు.

1005కు కారణం వేరు. నూరు విన్నాడు, 100 వేశాడు. అయిదు విన్నాడు, పక్కన 5 వేశాడు. విన్నది విన్నట్టే రాశాడు. ఒక వెడల్పాటి చీటీ మీద 100, దాని మూడో వంతు వెడల్పున్న చిన్న చీటీ మీద 5 రాసి, చిన్నదాన్ని పెద్దదాని కుడి చివరి సున్నా మీద పెట్టించండి. సున్నాను అయిదు కప్పేసి 105 కనబడుతుంది.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాము. పగలంతా మా ఆరేళ్ల పాప మా అత్తగారి దగ్గర ఉంటుంది. ఆవిడకు చదవడం, రాయడం రాదు. ఫోనులో పాఠాల వీడియోలు పెట్టి వెళ్లడం తప్ప దారి లేదా? – ఒక ఉద్యోగిని

సమాధానం: మీ అత్తగారు కథలు చెప్పగలరు, లెక్కపెట్టగలరు, ప్రశ్నకు బదులివ్వగలరు. వీడియో మొదటిది చేస్తుంది గానీ, పాప మధ్యలో ‘అలా ఎందుకు చేశాడు నాయనమ్మా’ అని అడిగితే ఆగి జవాబు చెప్పదు. అందుకే మీ అత్తగారిని కథ చెప్పమనండి. పాప అందులోంచి ఒక బొమ్మ గీసి, సాయంత్రం ఆ బొమ్మను చూపిస్తూ కథంతా మీకు చెబుతుంది. ఉతికిన బట్టలను జతలు చేయడం, పెద్దవీ చిన్నవీ వేరు చేసి లెక్కపెట్టడం నాయనమ్మ పక్కనే చేసే పనులు. పాప తన వాచకంలోంచి ఒక పేజీ నాయనమ్మకు చదివి వినిపించే ఏర్పాటు కూడా చేయండి. తప్పులు పట్టని శ్రోత ఎదురుగా ఉంటే పిల్లలు ధైర్యంగా గొంతెత్తి చదువుతారు. తప్పులు దిద్దే పది నిమిషాల పనిని మీరు వచ్చాక చూసుకోవచ్చు. ఇంటికి వచ్చిన వెంటనే మాత్రం వద్దు, పాప ఆ రోజు కబుర్లన్నీ చెప్పడం అయ్యాక కూర్చోండి.