సాయంత్రం మూడు గంటలు సరే, ఎండాకాలం సంగతేంటి?

ప్రశ్న: మాది విజయనగరం. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, ఉదయం 10 నుంచి రాత్రి 7 దాకా. చేతికి 42,000 వస్తుంది. మావారికి 38,000. ఇంటి లోను కిస్తీ 17,000. పిల్లలు ఒకటి, నాలుగు తరగతులు. సాయంత్రం 4కి స్కూలు వ్యాన్ దిగుతారు. ఆ మూడు గంటలకి ఆయమ్మ నెలకి 6,000 అడుగుతోంది. డే కేర్ ఒక్కొక్కరికి 4,000, ట్యూషన్ అయితే 1,000. మా అత్తగారు చీపురుపల్లి దగ్గర ఊళ్లో ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇంత ఖర్చయ్యేటప్పుడు నా ఉద్యోగం మానేస్తే నయం అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం మానకండి. ఎందుకో లెక్క రాస్తున్నాను, ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు చూపించండి.

ముందు ఒక సవరణ. మీరు చూస్తున్నది బడి ఉన్న రోజు ఖర్చు మాత్రమే. 2025లో మన రాష్ట్రంలో మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. ఏటా ఈ తేదీలు కాస్త అటూ ఇటూ అవుతాయి. శని, ఆదివారాలు మీకు సెలవనుకుంటే, మీరు పనిలో ఉండి పిల్లలకి బడి లేని రోజులు వేసవిలో 35, దసరా, సంక్రాంతులకి కలిపి ఇంకో 15 దాకా వస్తాయి. ఒంటిపూట రోజులు సుమారు 28. మామూలు రోజులు ఓ 170. ఇప్పుడు గంటలు వేయండి: మామూలు రోజున మూడు, ఒంటిపూట రోజున మధ్యాహ్నం నుంచి ఆరు, సెలవు రోజున తొమ్మిది. మొత్తం 1,128 గంటలు. అందులో 618, అంటే సగానికి పైగా, ఆ 78 రోజుల్లోనే ఉన్నాయి. ఇలాంటి ఏర్పాట్లు చెడిపోయేది కూడా అక్కడే. జూన్‌లో మూడు గంటలకి కుదిరిన ఆయమ్మ మార్చిలో ఆరు గంటలంటే ఎక్కువ అడుగుతుంది, అది న్యాయమే. ముందే మాట్లాడుకోకపోతే సరిగ్గా పరీక్షల వేళ మానేస్తుంది.

అందుకే రేటు మూడు రకాలుగా ఇప్పుడే ఒప్పుకోండి. మామూలు నెలల్లో 6,000. ఒంటిపూట కాలానికి నెలకి 10,000, వేసవిలో 14,000 అనుకుందాం. తొమ్మిది నెలలకి 54,000, ఒంటిపూట 40 రోజులకి సుమారు 13,000, వేసవి 49 రోజులకి 22,500, పండక్కి ఒక నెల జీతం 6,000. ఏడాదికి 95,500. అంటే నెలకి దాదాపు 8,000. డే కేర్ ఇద్దరికీ కలిపి 8,000 అన్నారుగా, రెండూ ఒకటే అయ్యాయి! కాబట్టి చౌక అని ఆయమ్మని ఎంచుకోకండి.

అయినా మీ ఇంటికి ఆయమ్మే మేలని నా అభిప్రాయం. జ్వరం వచ్చిన పిల్లని డే కేర్‌లో చేర్చుకోరు, ఆ రోజు ఆయమ్మ ఉంటుంది. డే కేర్‌కి వెళ్లాలంటే సాయంత్రం 7 దాకా తెరిచి ఉంటుందా, వేసవి ఫీజు వేరేనా అని అడగాలి. ట్యూషన్‌ని మాత్రం పిల్లల కాపలాగా లెక్కేయకండి. బడి లేని రోజున చాలాచోట్ల అదీ ఉండదు. నాలుగో తరగతి బిడ్డకి చదువు కోసం కావాలంటే చేర్చండి, అది వేరే ఖర్చు.

అత్తగారిని ఏడాది పొడుగునా కట్టిపడేయొద్దు. మోకాళ్ల నొప్పులతో ఇద్దరు పిల్లల వెనక తిరగలేరు. వేసవిలో మూడు వారాలు పిల్లల్నే ఊరికి పంపండి, ఆ ఇంటి ఖర్చులకి 5,000 ఆవిడ చేతిలో పెట్టండి. ఆ మూడు వారాలకి ఆయమ్మ జీతం పూర్తిగా కోయకండి. సగమైనా ఇస్తే జూన్‌లో తిరిగొస్తుంది.

పండగ సెలవులు 15 రోజులూ మీరూ మీవారూ సగం సగం లీవు పెట్టుకోవాలి. సంక్రాంతికి ఆయమ్మ తన ఊరు వెళ్తుంది. పైడితల్లమ్మ పండగకి, తొలేళ్లు, సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో ఎవర్నీ పనికి రమ్మనలేం, మీ హైదరాబాద్ ఆఫీసుకేమో ఆ సోమ, మంగళవారాలు మామూలు పనిదినాలే. ఏడాది మొదట్లోనే ఆ లీవు పెట్టేయండి.

ఇక మానేయడం సంగతి. మీ జీతం ఏడాదికి 5,04,000. పిల్లల ఖర్చు 96,000 అందులో వందకి 19. పైగా దాన్ని మీ జీతంలోంచే తీయడం తప్పు. పిల్లలు మీ ఇద్దరి బాధ్యత, కాబట్టి ఇద్దరి జీతం కలిపి 80,000 లోంచి తీయండి, పదో వంతు అవుతుంది. మీరు మానేస్తే 38,000లో కిస్తీ పోగా మిగిలేది 21,000. ఆపై మీ పీఎఫ్‌కి కంపెనీ వేసే వాటా కూడా ఆగిపోతుంది.

ఒకటో తారీఖున 8,000 వేరే ఖాతాలోకి మార్చండి. 6,000 ఆయమ్మకి పోను మిగిలే 2,000 తొమ్మిది నెలల్లో 18,000 అవుతుంది. పండగ జీతం, మార్చి తర్వాతి ఎక్కువ ఖర్చు దాంతోనే సరిపోతాయి. జూన్‌లో కాకుండా మధ్యలో మొదలుపెడితే, గడిచిన నెలకి 2,000 చొప్పున ముందే వేయండి. పన్ను మినహాయింపు కోసం వెతకకండి. ఆయమ్మ జీతానికీ ప్రైవేటు ట్యూషన్ ఫీజుకీ అది లేదు. కొత్త పన్ను విధానంలో మీ జీతానికి ఎలాగూ పన్ను పడదు.

ఆయమ్మని 4కి కాదు, మూడున్నరకి రమ్మనండి. వ్యాన్ పది నిమిషాలు ముందొచ్చిన రోజే మీరు మీటింగ్‌లో ఉంటారు. అటుకులో, ఉడికించిన వేరుశనక్కాయలో ఆమె తీసిపెట్టేసరికి పిల్లలు మీ గది తలుపు కొట్టరు. వ్యాన్ డ్రైవర్‌కి ఆమెని చూపించి, స్కూల్లో పేరు రాయించండి. అడ్వాన్సు అడిగితే ఒక నెల జీతం దాటకండి, నెలకి 1,000 చొప్పున తగ్గించుకోండి. జీతం ఆమె బ్యాంకు ఖాతాకే వేయండి. అదే ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి: 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా. ఆ 20 మీరే ఇవ్వండి. గడువు జూన్ 1 నుంచి మే 31 దాకా, అందుకని మే నెలాఖరులో ఆమె ఖాతాలో ఆ డబ్బు ఉందో లేదో అడిగి చూడండి.