టెక్ సందేహాలు: స్లైడర్ చూపించే తేదీ ఏ గడియారానిది?

పటం మీద కాలాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చూసే సౌకర్యం గురించి అడిగేవాళ్లు మారుతున్నారు గానీ, అడిగేది మారడం లేదు. ప్లే నొక్కితే పటం కదలదు. కదిలిందా, వేరే రోజును చూపిస్తుంది. ఈసారి అన్నీ అవే ప్రశ్నలు కాబట్టి ఒక్కచోటే జవాబులు.

ప్ర: వాతావరణ శాఖ ఇచ్చే రోజువారీ వాన గ్రిడ్‌ను (గడి గడికీ వాన విలువ రాసిన డేటా) నెట్‌సీడీఎఫ్ ఫైలుగా తెచ్చి, పటాలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచాను. 365 బ్యాండ్లు కనిపిస్తున్నాయి. టైమ్ స్లైడర్ నడుస్తోంది, పటం మాత్రం మొదటి రోజు దగ్గరే నిలబడిపోయింది. – పరిశోధక విద్యార్థి, అనంతపురం

మీరు ఫైలును రాస్టర్‌గా, అంటే గళ్ల బొమ్మగా తెరిచారు. ఆ దారిలో వస్తే ఒక్కో రోజూ ఒక్కో బ్యాండ్, అంటే ఫైల్లో పేర్చిన బొమ్మల్లో ఒకటి అవుతుంది. ఫలానా బ్యాండ్ ఫలానా తేదీది అని ఎవరూ చెప్పకపోతే స్లైడర్‌కు తెలిసే వీలు లేదు. చెప్పాల్సింది మీరే.

లేయర్ ప్రాపర్టీస్‌లో టెంపోరల్ ట్యాబ్‌కు వెళ్లి డైనమిక్ టెంపోరల్ కంట్రోల్‌కు టిక్ పెట్టండి. కాన్ఫిగరేషన్‌లో ‘ఫిక్స్‌డ్ టైమ్ రేంజ్ పర్ బ్యాండ్’ ఎంచుకోండి. ఇది 2024లో వచ్చిన 3.38 వెర్షన్ నుంచే ఉంది. అంతకంటే పాతది వాడుతుంటే ముందు అది మార్చండి. 365 తేదీలు చేత్తో కొట్టక్కర్లేదు. మొదలు తేదీకి ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి: జనవరి 1కి, బ్యాండ్ నంబరులోంచి ఒకటి తీసేస్తే ఎన్ని వస్తే అన్ని రోజులు కలపాలి. ముగింపు తేదీకి ఇంకో రోజు కలిపితే సరి. ఆ తర్వాత టెంపోరల్ కంట్రోలర్‌లో యానిమేటెడ్ మోడ్, స్టెప్ ఒక రోజు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. మామూలు సంవత్సరంలో జూన్ 1 అంటే 152వ బ్యాండ్. లీపు సంవత్సరంలో 153వది. మామూలు ఏడాదికి రాసుకున్న లెక్కను లీపు ఏడాది ఫైలుకు అంటించేస్తే మార్చి నుంచి డిసెంబరు దాకా ప్రతి వానా ఒక రోజు పక్కకు జరుగుతుంది. పటం చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ప్లే నొక్కే ముందు ఇన్ఫర్మేషన్ ట్యాబ్‌లో మొదటి బ్యాండ్, చివరి బ్యాండ్, నడుమ ఏదో ఒక బ్యాండ్ తెరిచి టైమ్ విలువ చూడండి. అక్కడ ఉండేది తేదీ కాదు, ఒక మూల తేదీ నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. ఆ మూల తేదీ కూడా అక్కడే రాసి ఉంటుంది. మూడూ సరిపోతేనే ముందుకు వెళ్లండి.

రంగుల సంగతి. కనిష్ఠ, గరిష్ఠ విలువలను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకండి. ఒక్కో రోజునూ విడి లేయరుగా తెచ్చుకునేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ప్రతి లేయరూ తన సొంత కనిష్ఠ, గరిష్ఠాలను బట్టి రంగు వేసుకుంటుంది. అప్పుడు 6 మిల్లీమీటర్ల తుంపరా ముదురు నీలమే, 120 మిల్లీమీటర్ల కుండపోతా ముదురు నీలమే. వాతావరణ శాఖ వాడే తరగతులనే హద్దులుగా పెట్టుకోండి: 2.5, 15.6, 64.5, 115.6, 204.5 మిల్లీమీటర్లు. 64.5 దాటితే భారీ వాన, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఇంటర్‌పొలేషన్‌ను ‘డిస్క్రీట్’ చేయండి, అప్పుడు ఒక్కో తరగతికీ ఒకే రంగు పడుతుంది. ఈ గ్రిడ్‌లో డేటా లేని గళ్లకు −999 రాసి ఉంటుంది. ట్రాన్స్‌పరెన్సీ ట్యాబ్‌లో దాన్ని నో డేటాగా చూపకపోతే జిల్లా సగటు వాన సున్నా కంటే కిందికి పోతుంది.

ఇదే ఫైలును మెష్ లేయరుగా (బిందువులను వలలా కలిపిన రూపంలో) తెరవొచ్చు కదా అని అడుగుతారు. తెరవొచ్చు, తేదీలు కూడా తనంతట తనే చదువుకుంటుంది. కానీ మెష్‌లో విలువలు బిందువుల మీద కూర్చుంటాయి. బిందువుకూ బిందువుకూ మధ్య జాగాను సాఫ్ట్‌వేర్ నునుపుగా రంగులతో నింపేస్తుంది. ఆ నునుపే నాకు నచ్చదు. వాతావరణ శాఖ గ్రిడ్‌లోని 0.25 డిగ్రీల గడి అనంతపురం దగ్గర తూర్పు పడమరలుగా దాదాపు 27 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా దాదాపు 28. అంటే ఒక్క గడి సుమారు 750 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. సగటున ఒక గడిలో రెండు మండలాలకు పైగా ఇరుక్కుంటాయి. రోడ్డుకు ఒక పక్క చేను తడిసి రెండో పక్క చేను ఎండే సీమ ఇది. నునుపు రంగులు చూసి ‘మా ఊళ్లో ఇంత పడింది’ అని పంట నష్టం కాగితాల్లో రాస్తే రైతుకే అన్యాయం. గళ్లు గళ్లుగానే కనిపించనివ్వండి.

ప్ర: 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు నది మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దానికి ముందు వాన ఎలా పెరిగిందో గంట గంటకూ చూపించాలని ఈఆర్‌ఏ5-ల్యాండ్ అనే వాతావరణ మోడల్ డేటా తెచ్చాం. 24 గంటల విలువలు కూడితే నమ్మలేనంత వస్తోంది. పైగా ఇందులో పెద్ద వాన 18న ఉంది, వాతావరణ శాఖ గ్రిడ్‌లో 19న ఉంది. ఏది నిజం? – ఇంజినీరింగ్ విద్యార్థులు, కడప

తేదీల్లో రెండూ నిజమే. గడియారాలు వేరు.

వాతావరణ శాఖ 19వ తేదీ కింద రాసేది 18 ఉదయం 8:30 నుంచి 19 ఉదయం 8:30 దాకా కురిసిన వాన. ఈఆర్‌ఏ5-ల్యాండ్ నడిచేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మీద, అంటే మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక. అందులో 18వ తేదీ అంటే మనకు 18 ఉదయం 5:30 నుంచి 19 ఉదయం 5:30. చెయ్యేరు పొంగిన ఆ రాత్రి మొత్తం ఒక లెక్కలో 18లో పడుతుంది, ఇంకో లెక్కలో 19లో పడుతుంది. రెండు లేయర్లనూ పక్కపక్కన పెట్టి ప్లే నొక్కితే వాన రెండు రోజులు కురిసినట్టు కనిపిస్తుంది. ఊళ్లు కొట్టుకుపోయి, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న రాత్రి గురించి పటం గీస్తున్నారు. అందులో ఐదున్నర గంటల పొరపాటు అంటే, ఎప్పుడు హెచ్చరించి ఉండాల్సింది అన్న ప్రశ్నకే తప్పు జవాబు ఇచ్చినట్టు.

కూడిక తప్పడానికి కారణం వేరు. ఈఆర్‌ఏ5-ల్యాండ్‌లో వాన విలువ ఆ గంటది కాదు. యూటీసీ అర్ధరాత్రి నుంచి ఆ గంట దాకా పోగుపడిన మొత్తం. పోగులను మళ్లీ పోగేశారు మీరు. ఒక గంట వాన కావాలంటే ఆ గంట విలువలోంచి ముందు గంట విలువ తీసేయాలి. 01 గంట విలువ ఒక్కదాన్నే ఉన్నదున్నట్టు తీసుకోవాలి. యూటీసీ రోజు మొత్తం వాన కావాలంటే మర్నాటి 00 గంట విలువ చాలు. యూనిట్ మీటర్లు కాబట్టి 1000తో గుణించండి. పేరులో ల్యాండ్ లేని మామూలు ఈఆర్‌ఏ5లో మాత్రం ఒక్కో విలువ ఆ గంటదే, దాన్ని నేరుగా కూడొచ్చు. పేర్లు కలిసిపోవడం వల్ల ఇది రోజూ జరిగే పొరపాటు.

వాతావరణ శాఖ 19వ తేదీతో పోల్చాలంటే లెక్క ఇది. మన ఉదయం 8:30 అంటే యూటీసీ 03. కాబట్టి 19వ తేదీ 00 విలువలోంచి 18వ తేదీ 03 విలువ తీసేయండి, వచ్చినదానికి 19వ తేదీ 03 విలువ కలపండి. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో ఒక్క వరుస పని. అప్పుడు కూడా అంకెలు అచ్చంగా కలవవు. ఒకటి వాన కొలిచే కేంద్రాల నుంచి అల్లిన గ్రిడ్, రెండోది మోడల్ నుంచి వచ్చింది.

పటం మీద తేదీ వేయడానికి వ్యూ మెనూలో డెకరేషన్స్, టైటిల్ లేబుల్‌కు వెళ్లండి. మ్యాప్ స్టార్ట్ టైమ్ వేరియబుల్‌కు ఐదున్నర గంటలు కలిపి చూపమని ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి, పక్కన ‘భారత కాలమానం’ అని రాయండి. డేటాలోని సమయాన్ని మాత్రం ముట్టుకోవద్దు. రేపు ఇంకొకరు అదే ఫైలు తీసుకుని మరో ఐదున్నర గంటలు కలుపుతారు.

అసలు ఈ అవస్థ డిజైన్ చేసేవాళ్లు తెచ్చిపెట్టిందే. టైమ్ వ్యూయర్లలో ప్లే బటన్‌కు, వేగానికి, లూప్‌కు జాగా దొరుకుతుంది. ఇది ఏ కాలమానం, ఈ ఫ్రేమ్ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, విలువ ఆ క్షణానిదా, పోగుపడిందా – ఇవి స్లైడర్ పక్కన నాలుగు ముక్కల్లో రాయడానికి జాగా దొరకదు. కొన్ని వ్యూయర్లలో ఇంకో వేడుక ఉంటుంది: రెండు ఫ్రేముల మధ్య రంగును మెల్లగా కరిగించి వాన నడిచి వెళుతున్నట్టు చూపించడం. ఆరు గంటలకోసారి ఉన్న డేటాకు ఆ పని చేస్తే మధ్యలో కనిపించేది ఎవరూ కొలవని, ఏ మోడలూ లెక్కించని వాన. అది కల్పన. అలాంటి సౌకర్యం ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆపేయండి.

ప్ర: నేలలో తేమను కాలంతో పాటు లోతుల వారీగా కూడా చూడొచ్చా? – వేరుశనగ రైతు, కదిరి

చూడొచ్చు. విత్తనానికి పదును ఉందో లేదో పై పొర ఒక్కటే చెప్పదు కాబట్టి చూడాలి కూడా. ఈఆర్‌ఏ5-ల్యాండ్‌లో నాలుగు పొరలు: 0–7, 7–28, 28–100, 100–289 సెంటీమీటర్లు. విలువ 0.20 అంటే నేల ఘనపరిమాణంలో ఐదో వంతు నీరు. పై పొర 7 సెంటీమీటర్లే, అంటే 14 మిల్లీమీటర్ల నీళ్లు. రెండో పొర 21 సెంటీమీటర్ల మందం, అక్కడ 0.25 ఉంటే 52.5 మిల్లీమీటర్లు. పై పొర యానిమేషన్ మాత్రమే చూస్తే జూలై ఎండకు చేను మొత్తం ఆరిపోయినట్టు కనిపిస్తుంది. వేరు ఉన్నచోట పరిస్థితి వేరు.

కాలానికీ లోతుకూ ఒకే లేయరులో తంటాలు పడకండి. నాలుగు పొరలకు నాలుగు లేయర్లు పెట్టి, అన్నింటికీ ఒకే రంగుల హద్దులు, ఒకే తేదీలు ఇవ్వండి. ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి. ఒకే రోజున లోతు మీద స్లైడర్ కావాలంటే, ఆ రోజు నాలుగు పొరలనూ నాలుగు బ్యాండ్ల రాస్టర్‌గా కలిపి ఎలివేషన్ ట్యాబ్‌లో ‘ఫిక్స్‌డ్ ఎలివేషన్ రేంజ్ పర్ బ్యాండ్’ పెట్టండి. లోతులు మైనస్‌లో, మీటర్లలో ఇవ్వాలి: −0.07 నుంచి 0, −0.28 నుంచి −0.07, అలా కిందికి. ఒక గడి 9 కిలోమీటర్లు ఉంటుంది. మీ చేను సంగతి ఇది చెప్పదు. గడ్డపారే చెబుతుంది.

ప్ర: 2015 నుంచి జిల్లాల వారీ దిగుబడి యానిమేషన్ చేశాను. 2022లో పాత కర్నూలు మీద కొత్త నంద్యాల ఎక్కి కూర్చుంటోంది. – కర్నూలు

జిల్లా హద్దుకు కూడా కాలం ఉంది. ప్రతి పాలిగన్‌కూ (హద్దు గీసిన ఆకారానికి) మొదలు, ముగింపు అని రెండు తేదీ ఫీల్డులు పెట్టండి. పాత హద్దులకు ముగింపు 2022 ఏప్రిల్ 4, కొత్తవాటికి మొదలు అదే తేదీ. టెంపోరల్ ట్యాబ్‌లో రెండు విడి ఫీల్డుల పద్ధతి ఎంచుకుని, లిమిట్స్‌ను ‘ఇంక్లూడ్ స్టార్ట్, ఎక్స్‌క్లూడ్ ఎండ్’ దగ్గరే ఉంచండి. స్టెప్ ఒక రోజైతే రెండూ కలిసి కనిపించవు. ఫీల్డు జాబితాలో రాకపోతే మీ తేదీలు అక్షరాలుగా ఉన్నట్టే. రీఫ్యాక్టర్ ఫీల్డ్స్‌తో డేట్‌గా మార్చండి. మార్చేటప్పుడు రోజు ముందో నెల ముందో స్పష్టంగా చెప్పండి, లేదంటే 04-05 మేదో ఏప్రిల్‌దో తేలదు.

ప్ర: పల్లెల్లో బోరుబావుల సర్వే చేస్తున్నాం. సర్వే చేసేవాళ్ల ఫోన్ల నుంచి జీపీఎక్స్ ట్రాకులు (నడిచిన దారి రికార్డులు) తీసి, రోజురోజుకూ ఎంత పని అయిందో టైమ్ యానిమేషన్‌గా వెబ్‌లో పెట్టాలి. ప్రాజెక్టు ఫైలు వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపాం. ట్రాకులన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి, ఎందుకు? – స్వచ్ఛంద సంస్థ, కర్నూలు జిల్లా

ఎందుకంటే ట్రాక్ లేయరులో మొత్తం దారి ఒకే గీత. గీతకు ఒక్కో చోట ఒక్కో సమయం ఉండదు. జీపీఎక్స్ నుంచి ‘ట్రాక్ పాయింట్స్’ లేయర్ తెచ్చుకోండి, టైమ్ ఫీల్డు అందులో ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు అంతే. కానీ ఆ యానిమేషన్ వెబ్‌లో పెట్టకండి.

జీపీఎక్స్‌లో ప్రతి పాయింటుకూ అక్షాంశం, రేఖాంశం, టైమ్ ఉంటాయి. రికార్డింగ్ పొద్దున ఇంటి దగ్గర ఆన్ చేసి సాయంత్రం ఇంటికొచ్చి ఆపుతారు. మొదటి పాయింటూ చివరి పాయింటూ ఆ మనిషి ఇల్లే. వారం రోజుల ట్రాకులు వేసి ప్లే నొక్కితే సర్వే చేసే అమ్మాయి ఏ వీధిలో ఉంటుందో, ఎన్ని గంటలకు ఒంటరిగా ఏ చేల గట్ల మీద నడుస్తుందో, ఏ రోజు ఏ పల్లెకు వెళుతుందో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. విడిగా ఒక్క చోటు బయటపడటం ఒక ఎత్తు. దానికి కాలం తోడైతే రేపు ఎక్కడ ఉంటుందో ముందే చెప్పినట్టు. ఇన్ని ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. దీన్ని ఎవరూ ప్రమాదంగా చూడటం లేదు, పని పురోగతి అనుకుంటున్నారు.

టెంపోరల్ ఫిల్టర్ పెట్టాం కదా, రాత్రి పాయింట్లు కనిపించవు కదా అనకండి. ఫిల్టర్ చూపు నుంచి తీసేస్తుంది, ఫైలు నుంచి తీసేయదు. అట్రిబ్యూట్ టేబుల్లో కాలమ్‌ను దాచడమూ అంతే. రైతు ఫోన్ నంబరు, ఆధార్ నంబరు ఉన్న కాలమ్ దాచి జియోప్యాకేజీ (పటం డేటా ఫైలు) పంపితే, అవతలివాళ్లు తెరిచిన మరుక్షణం అన్నీ కనిపిస్తాయి. వెబ్ పటంలోకి ఎక్కించిన డేటా కూడా చూసేవాళ్ల బ్రౌజర్‌లోకి దిగుతుంది.

చేయాల్సింది ఇది. ఎక్స్‌పోర్ట్‌లో సేవ్ ఫీచర్స్ యాజ్‌కు వెళ్లి, కావాల్సిన ఫీల్డులకే టిక్ ఉంచి కొత్త ఫైలు చేయండి. ప్రతి ట్రాకులో మొదటి చివరి 500 మీటర్లూ కత్తిరించండి. ఊరి చివర ఒంటి ఇళ్లయితే కిలోమీటరు. సమయాన్ని తేదీ వరకే ఉంచండి, గంటలు నిమిషాలు తీసేయండి. సర్వే చేసినవారి పేరు, ఫోన్ ఐడీ వద్దు. వెబ్‌లో పెట్టేది ట్రాకులు కాదు, గ్రామం వారీగా ఏ తేదీకి ఎన్ని బోర్లు పూర్తయ్యాయన్న పాలిగన్లే. పురోగతి చూపడానికి అంతకు మించి అక్కర్లేదు.

ఇంకా, గ్రూపులో పంపిన ఆ ప్రాజెక్టు ఫైలు. క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలు (క్యూజీజెడ్) అంటే ఒక జిప్ ఫైలు, అంతే. విప్పితే లోపల మామూలు అక్షరాల్లో ఉంటుంది. డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ‘బేసిక్’ కింద దాచుకుని ఉంటే అవి కూడా అందులో రాసి ఉండే ప్రమాదం ఉంది. ఆథెంటికేషన్ కాన్ఫిగరేషన్ వాడి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే ప్రాజెక్టులోకి వెళ్లేది ఒక గుర్తు మాత్రమే. ప్రాజెక్టు ఫైల్లో పైథాన్ మాక్రోలు (చిన్న ప్రోగ్రాములు) కూడా ఉండొచ్చు, అనుమతి ఇచ్చి ఉంటే తెరవగానే అవి నడుస్తాయి. ఆప్షన్స్‌లో మాక్రోలకు ‘ఆల్వేస్’ పెట్టుకున్నవాళ్లు ఈరోజే ‘ఆస్క్’కు మార్చాలి.

వాట్సాప్‌లో వెళ్లిన ఫైలు వెనక్కి రాదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఈ పూటే మార్చండి. పాత యూజర్ ఖాతా మూసేసి, గ్రూపులోవాళ్లకు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న కొత్త ఖాతా ఇవ్వండి. సర్వే చేసినవాళ్లను పిలిచి, వాళ్ల ట్రాకులు ఎవరెవరికి వెళ్లాయో ఉన్నదున్నట్టు చెప్పండి. రేపటి నుంచి రికార్డింగ్ మొదలుపెట్టేది ఇంటి గడప దగ్గర కాదు, మొదటి బోరు దగ్గర.